బేస్‌బాల్‌కు ఏ గొంతు పెట్టుకోవాలి? కామెంటరీ ఎంపిక, రేడియో జత, సౌండ్ సెట్టింగులు

బేస్‌బాల్ మ్యాచ్ రెండున్నర గంటలు దాటి సాగుతుంది. ఇరు జట్లూ కలిపి ఇంచుమించు మూడు వందల బంతులు వేస్తాయి. ఒక్కో బంతి పిచర్ చేతి నుంచి క్యాచర్ గ్లవ్‌లో పడడానికి అర సెకను కూడా పట్టదు. మిగిలిన సమయంలో చాలా భాగం ఎదురుచూపే. ఆ ఎదురుచూపును నింపేది కామెంటేటర్. అందుకే ఒకే మ్యాచ్ ఒక గొంతుతో వింటే రక్తి కడుతుంది, ఇంకో గొంతుతో వింటే ఊకదంపుడు ఉపన్యాసంలా ఉంటుంది. బేస్‌బాల్ బోర్ అని టీవీ కట్టేసిన చాలామందికి విసుగు పుట్టించింది ఆట కాదు, ఆ రోజు చెవిన పడిన మాటలు.

ఐపీఎల్ చూసేటప్పుడు తెలుగు కామెంటరీ పెట్టాలా ఇంగ్లీషు పెట్టాలా అని రిమోట్ నొక్కడం మనకు అలవాటే. బేస్‌బాల్‌లో ఈ ఎంపిక ఇంకా పెద్దది. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ (ఎంఎల్‌బీ)లో ఒక మామూలు మ్యాచ్‌కు రెండు జట్ల టీవీ బృందాలు, రెండు జట్ల రేడియో బృందాలు, అంటే ఇంగ్లీషులోనే నాలుగు ప్రసారాలు ఉంటాయి. చాలా జట్లకు స్పానిష్ ప్రసారం అదనం. వీటిలో మీకు సరిపడేదాన్ని ఎలా పట్టుకోవాలో, ఎలా అమర్చుకోవాలో చూద్దాం.

మాట మారితే ఆట ఎలా మారుతుంది

1977లో కోమిస్కీ, బ్రయంట్, జిల్‌మన్ అనే పరిశోధకులు ఐస్ హాకీ ప్రసారాలతో ఒక ప్రయోగం చేశారు. మామూలుగా సాగిన ఆటకు, భలే మొరటుగా ఆడుతున్నారని నొక్కి చెప్పే కామెంటరీ తోడైనప్పుడు ప్రేక్షకులు దాన్ని మొరటు ఆట అనే అన్నారు. నిజంగానే మొరటుగా సాగిన ఆటకు అలాంటి మాటలు లేనప్పుడు అది వాళ్లకు అంత మొరటుగా తోచలేదు. 1982లో బ్రయంట్, జిల్‌మన్ బృందమే టెన్నిస్ మీద ఇంకోటి చేసింది. ఆటగాళ్లిద్దరికీ బద్ధవైరం ఉందని కామెంటరీ చెప్పినప్పుడు, వాళ్లు మంచి స్నేహితులని చెప్పినప్పటి కంటే ప్రేక్షకులు ఎక్కువ ఆనందించారు. తెర మీది బొమ్మ అదే, పక్కన వినపడిన మాట మారిందంతే. హాకీ, టెన్నిస్‌లలో కదలిక ఎక్కువ. అక్కడే ఇలా ఉంటే, బంతి బంతికీ మధ్య ఆగే బేస్‌బాల్‌లో మాట బలం ఇంకా పెరుగుతుందే కానీ తగ్గదు.

బేస్‌బాల్‌లో దీన్ని స్వయంగా చూడాలంటే 1988 అక్టోబర్ 15 నాటి వరల్డ్ సిరీస్ (సీజన్ చివరి టైటిల్ పోరు) మొదటి మ్యాచ్ ముక్కలు రెండు వెతికి వినండి. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, మూడు ఔట్లలో రెండు అయిపోయాయి. రెండు కాళ్లకూ గాయాలున్న కర్క్ గిబ్సన్ కుంటుతూ బ్యాటింగ్‌కు వచ్చి, డెనిస్ ఎకర్స్‌లీ వేసిన బంతిని స్టాండ్స్‌లోకి కొట్టాడు. అతని జట్టు డాడ్జర్స్ 5-4తో గెలిచింది. ఎన్‌బీసీ టీవీలో విన్ స్కల్లీ బంతి వెళ్లిపోయిందని చెప్పి, నిమిషానికి పైగా మాట్లాడలేదు. గిబ్సన్ పిడికిలి ఊపుతూ బేస్‌లు చుట్టడం, జనం హోరు, అంతే. ఆ తర్వాతే, ఊహకందనివి ఎన్నో జరిగిన ఏడాదిలో అసాధ్యం కూడా జరిగిపోయిందన్న అర్థంలో ఒక్క వాక్యం చెప్పారు. అదే సమయంలో సీబీఎస్ రేడియోలో జాక్ బక్, నేనిప్పుడు చూసింది నమ్మలేకపోతున్నానని అరిచారు. రెండూ దాదాపు నలభై ఏళ్లుగా జనం నోళ్లలో నానుతూనే ఉన్నాయి. టీవీలో బొమ్మ ఉంది గనక ఊరుకోవడం ఒప్పింది. రేడియోలో ఊరుకుంటే వినేవాడికి ఏమైందో తెలియదు, కాబట్టి అరవడం ఒప్పింది. కామెంటేటర్ మంచివాడా కాదా అనేముందు, అతను టీవీకి చెబుతున్నాడా రేడియోకా అని చూడాల్సింది ఇందుకే.

స్కల్లీ 1950 నుంచి 2016 దాకా 67 సీజన్లు డాడ్జర్స్‌కే పనిచేశారు, ఎక్కువకాలం పక్కన ఎవరూ లేకుండా ఒక్కరే. 1974 ఏప్రిల్ 8న హాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ (బంతిని నేరుగా స్టాండ్స్‌లోకి కొట్టే దెబ్బ) కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటినప్పుడు కూడా ఆయన చేసింది ఇదే. ముందు జనం హోరుకు చోటిచ్చి, అది కాస్త తగ్గాక, దక్షిణాదిలో ఒక నల్లజాతి ఆటగాడికి జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారని ఆ క్షణం బరువేమిటో చెప్పారు. కామెంటరీకి ఇంతకు మించిన కొలమానం లేదు.

మూడు ఇన్నింగ్స్‌ల పరీక్ష

ఏ బృందం మీకు సరిపడుతుందో తేల్చుకోవడానికి మూడు ఇన్నింగ్స్‌లు చాలు. ఒక కాగితం, పెన్ను పక్కన పెట్టుకోండి. మొదటి ఇన్నింగ్స్ మాత్రం లెక్కలోకి తీసుకోకండి. జట్ల వివరాలు, ప్రకటనల మాటలు, ముందే రాసుకున్న విశేషాలు అందులోనే కుక్కేస్తారు. రెండు, మూడు, నాలుగు ఇన్నింగ్స్‌లు మేలు.

బూత్‌లో మామూలుగా ఇద్దరుంటారు, కొన్నిచోట్ల ముగ్గురు. జరుగుతున్నది జరుగుతున్నట్టు చెప్పే మనిషిని ప్లే-బై-ప్లే అంటారు. ఎందుకు జరిగిందో విప్పి చెప్పేవాడు అనలిస్ట్, ఎక్కువగా మాజీ ఆటగాడు. బుర్రకథలో కథకుడు, వంతల్లాంటి పొత్తు ఇది. వంత సరైన చోట అందుకుని, సరైన చోట వదిలేస్తేనే కథ నడుస్తుంది. న్యూయార్క్ మెట్స్ టీవీ బృందాన్ని వేరే జట్ల అభిమానులు కూడా మెచ్చుకునేది ఈ పొత్తు కోసమే. గ్యారీ కోహెన్ నడిపిస్తారు. 1986లో ఆ జట్టుకే టైటిల్ తెచ్చిన ఫస్ట్ బేస్‌మన్ కీత్ హెర్నాండెజ్, పిచర్ రాన్ డార్లింగ్ పక్కన ఉంటారు. 2006 నుంచీ ముగ్గురూ కలిసే ఉన్నారు. బ్యాటర్ తప్పు ఒకరు చెబుతారు, పిచర్ ఆలోచన ఇంకొకరు చెబుతారు. ముగ్గురున్న చాలా బూత్‌లు చెడేది ప్రతి బంతికీ ముగ్గురూ మాట్లాడాలనుకున్నప్పుడే.

ఇక కాగితం మీద రాయాల్సినవి. మొదటిది, బంతి పడేవేళకు మాట ఆగిందా? బంతి వేయడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ వచ్చాక బేస్‌లు ఖాళీగా ఉంటే పిచర్‌కు 15 సెకన్లు, రన్నర్ ఉంటే (2024 నుంచి) 18 సెకన్లు మాత్రమే ఉన్నాయి. 2023లో ఈ నిబంధన పెట్టిన ఏడాదే సగటు మ్యాచ్ 3 గంటల 4 నిమిషాల నుంచి 2 గంటల 40 నిమిషాలకు దిగింది. పాత తీరులో తాపీగా చెప్పే కథకు ఇప్పుడు చోటు లేదు. మంచి బృందం కథను ముక్కలు చేస్తుంది. ఒక ముక్క చెప్పి, బంతికి ఆగి, ఏమైందో ఒక్క మాటలో చెప్పి, మళ్లీ అందుకుంటుంది. చేతకాని బృందం కథ మీదుగానే బంతిని పోనిస్తుంది. బ్యాట్‌కు బంతి తగిలిన చప్పుడు మాటల కింద పడిపోయిన ప్రతిసారీ ఒక గీత గీయండి. మూడు ఇన్నింగ్స్‌లలో ఐదారు గీతలు దాటితే ఆ బృందం మిమ్మల్ని అలసిపోయేలా చేస్తుందని అనుకోవచ్చు.

రెండోది అనలిస్ట్‌కు అసలు పరీక్ష. బంతికి ముందు ఎన్నిసార్లు చెప్పాడు, తర్వాత ఎన్నిసార్లు చెప్పాడు? మూడో బేస్‌లో రన్నర్ ఉండి ఇద్దరికంటే తక్కువమంది ఔటైతే, ఇన్‌ఫీల్డర్లు (బేస్‌ల దగ్గరి ఫీల్డర్లు) ముందుకు జరగాలా, వెనకే ఉండి ఒక పరుగు వదిలేసి ఔట్ తీసుకోవాలా అన్న ప్రశ్న వస్తుంది. పనికొచ్చే అనలిస్ట్ బంతి పడకముందే, వాళ్లు ముందుకొచ్చారు, నేల మీద గట్టిగా కొడితే సందులోంచి పోతుందని చెబుతాడు. తర్వాత ఏం జరిగినా మీకు అర్థమవుతుంది. క్యాచర్ బయటికి జరిగాడని, రెండు స్ట్రైకులున్నాయి (మూడైతే బ్యాటర్ ఔట్) గనక చివర్లో కిందికి జారే స్లైడర్ రావచ్చని చెప్పడమూ అంతే. ఊహ తప్పినా నష్టం లేదు, ఏది చూడాలో నేర్పాడు కదా. బంతి పడ్డాక రీప్లేలో, చూశారా బంతి మధ్యలో వదిలేశాడు అనడం ఎవరైనా అనగలరు. ముందు మాటలకు ఒక గుర్తు, తర్వాతి మాటలకు ఒక గుర్తు పెట్టండి. మూడింట ఒక వంతైనా ముందు మాటలుంటే ఆయన్ని వదులుకోకండి.

మూడోది, ఎత్తుగా లేచిన ప్రతి బంతికీ గొంతు లేస్తోందా? ఇది ఆనందాన్ని నిలువునా చంపే అలవాటు. నాలుగుసార్లు మోసపోయాక ఐదోసారి నిజంగా హోమ్ రన్ అయినా మనసు కదలదు. దీనికి కారణం కొంత సాంకేతికం. బంతి తగలగానే ప్రసారం సెంటర్ ఫీల్డ్ కెమెరా నుంచి హోమ్ ప్లేట్ వెనక ఎత్తున ఉన్న కెమెరాకు మారుతుంది. ఆ కోణంలో బంతి ఎంత దూరం పోతుందో పట్టుకోవడం కష్టం. స్టేడియంలో కూర్చున్న కామెంటేటర్ బంతిని వదిలి ఔట్‌ఫీల్డర్‌ను చూస్తాడు. 2020లో మహమ్మారి కారణంగా బయటి ఊళ్ల మ్యాచ్‌లను సొంత ఊళ్లో తెర ముందు కూర్చుని చెప్పాల్సి వచ్చినప్పుడు ఈ తప్పులు పెరగడానికి కారణం అదే, తెర చూపించని ఔట్‌ఫీల్డర్ వాళ్లకూ కనపడడు. మీరూ ఇదే చేయండి. గొంతును నమ్మకుండా ఫీల్డర్ కాళ్లు చూడండి. మెల్లగా అడుగులేస్తూ పైకి చూస్తుంటే క్యాచ్. వెనక్కి తిరిగి పరిగెడుతుంటే ప్రమాదం. గోడ దగ్గర ఆగిపోయి తలెత్తితే బంతి పోయినట్టే.

నాలుగోది స్కోరు. టీవీలో మూలన స్కోరు ఎప్పుడూ కనిపిస్తుంది కాబట్టి అది అంత ముఖ్యం కాదు. రేడియోలో మాత్రం ప్రాణం. 1939 ఆగస్టు 26న బ్రూక్లిన్ ఎబెట్స్ ఫీల్డ్ నుంచి మొట్టమొదటి మేజర్ లీగ్ టీవీ ప్రసారానికి గొంతునిచ్చిన రెడ్ బార్బర్, రేడియోలో చెప్పేటప్పుడు స్కోరు మరిచిపోకుండా మూడు నిమిషాల ఇసుక గడియారం ఎదురుగా పెట్టుకునేవారు. ఇసుక పూర్తిగా జారగానే స్కోరు చెప్పి దాన్ని తిరగేయడం. రేడియో బృందాన్ని మీరు కొలవాలన్నా మూడు నిమిషాలే లెక్క.

బార్బర్ గురించి ఇంకో మాట. పిచర్ ఒక్క హిట్ (బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వకుండా సాగిపోతుంటే ఆ సంగతి పైకి అనకూడదని బేస్‌బాల్‌లో ఒక నమ్మకం ఉంది. 1947 వరల్డ్ సిరీస్ నాలుగో మ్యాచ్‌లో బిల్ బెవెన్స్ తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా అలా వెళ్తుంటే బార్బర్ దాచలేదు. ఇంకొక్క ఔట్ ఉందనగా కుకీ లవగెట్టో హిట్ కొట్టడంతో ఆయన మీద కొందరు విరుచుకుపడ్డారు. తప్పు ఆయనది కాదు. రేడియో పెట్టిన మనిషికి మైదానంలో ఏం జరుగుతోందో చెప్పకపోతే ఇక కామెంటేటర్ ఎందుకు? దిష్టి తగులుతుందని ఈ విషయం దాచే కామెంటేటర్ వల్ల, ఏడో ఇన్నింగ్స్‌లో టీవీ పెట్టినవాడికి ఆ ఉత్కంఠ మొత్తం దక్కకుండా పోతుంది.

పరీక్ష ఒక్క రాత్రితో ముగించకండి. క్రికెట్‌లో కామెంటేటర్లు అరగంటకోసారి మారిపోతుంటారు, సిరీస్ సిరీస్‌కూ కొత్త ముఖాలు. బేస్‌బాల్‌లో జట్టు సీజన్‌కు 162 మ్యాచ్‌లు ఆడుతుంది, వాటిలో ఎక్కువ భాగం అదే బృందం చెబుతుంది. వాళ్ల పాత మాటల మీద కొత్త మాటలు నిలబడతాయి. సిరీస్ అంటే వరసగా మూడో నాలుగో మ్యాచ్‌లు కాబట్టి, ఒక సిరీస్ మొత్తం విని తేల్చుకోండి.

పక్షపాతం సంగతి

సొంత జట్టు కామెంటేటర్ సొంత జట్టు వైపు మొగ్గడం అమెరికాలో దాచుకునే విషయం కాదు. షికాగో వైట్ సాక్స్‌కు 2018 దాకా చెప్పిన కెన్ హారెల్సన్ తన జట్టును మంచివాళ్లని పిలిచేవారు. అవతలి జట్టు అభిమానులకు చిర్రెత్తేది, వైట్ సాక్స్ ఇళ్లలో మాత్రం ఆయన ఇంటి మనిషి. కామెంటేటర్లకిచ్చే ఫోర్డ్ ఫ్రిక్ అవార్డు 2020లో ఆయనకే వచ్చింది. మీది ఆ జట్టే అయితే ఇలాంటి గొంతు ఆనందాన్ని పెంచుతుంది, ఆ ఆనందానికి సిగ్గుపడక్కర్లేదు. చూడాల్సింది నిజం చెబుతున్నాడా లేదా అనే. సొంత బ్యాటర్‌కు ఇచ్చిన స్ట్రైక్ తప్పని అంపైర్‌ను తిడుతుంటే తెర మీద స్ట్రైక్ హద్దును గీసి చూపే స్ట్రైక్ జోన్ పెట్టె చూడండి. బంతి పెట్టెలో పడినా తిడుతున్నాడంటే, మీకు తెలియకుండానే మీరు ప్రతి ఓటమికీ అంపైర్‌ను నిందించడం నేర్చుకుంటారు. అలాంటి కామెంటరీతో కోపమే మిగులుతుంది.

దీనికి తిరగేసిన సమస్య జాతీయ ప్రసారాలది. వరల్డ్ సిరీస్ ఫాక్స్‌లో వస్తుంది, 2022 నుంచి జో డేవిస్, జాన్ స్మోల్ట్జ్ చెబుతున్నారు. ఆడుతున్న రెండు జట్ల అభిమానులూ, ఈ బృందానికి మా జట్టంటే పడదని ఏటా అంటారు. ఆరు నెలలు మొగ్గిన గొంతు విన్న చెవికి నడిమధ్యన ఉన్న గొంతు ఎదుటి పక్షంలా వినిపిస్తుంది. ఈ కారణం తెలిస్తే సగం చిరాకు తగ్గుతుంది. మిగతా సగానికి రేడియో ఉంది.

ఎక్కడ ఏది దొరుకుతుంది

లీగ్ మ్యాచ్‌లు చూపే స్ట్రీమింగ్ సేవ ఎంఎల్‌బీ.టీవీ చందా ఉంటే మ్యాచ్ తెరిచేటప్పుడే సొంత జట్టు ప్రసారమా, అతిథి జట్టు ప్రసారమా అని అడుగుతుంది. ప్లేయర్‌లో ఆడియో గుర్తు నొక్కితే చాలా పరికరాల్లో టీవీ బొమ్మకు ఇరు జట్ల రేడియో ఆడియో కలుపుకోవచ్చు. కొన్ని మ్యాచ్‌లకు కామెంటరీ లేకుండా మైదానం చప్పుడు ఒక్కటే పెట్టుకునే వీలూ ఉంటుంది. ఇక్కడ బొమ్మ, రేడియో ముందే సరిచేసి ఇస్తారు కాబట్టి కిందున్న కుస్తీ అక్కర్లేదు. అమెరికాలో ఉన్నవాళ్లకు ఉండే ఇబ్బంది ఏమిటంటే, మీరుండే ప్రాంతపు జట్టు మ్యాచ్‌లు ఈ ప్యాకేజీలో ప్రత్యక్షంగా రావు. వాటికి ఆ జట్టు ప్రాంతీయ ఛానలో స్ట్రీమింగో విడిగా తీసుకోవాలి. ఆడియో మాత్రమే ఇచ్చే చందాకు ఆ అడ్డు లేదు, ధర కూడా బాగా తక్కువ.

ఆపిల్ టీవీలో వచ్చే శుక్రవారం మ్యాచ్‌లకు అమెరికా, కెనడాల్లో ఇరు జట్ల రేడియో ఆడియో ఎంచుకునే సౌకర్యం 2022 నుంచే పెట్టారు. ఆడియో భాషల జాబితాలో ఉంటుంది, చాలామంది అటు చూడరు.

అక్టోబర్‌లో లెక్క మారుతుంది. ప్లేఆఫ్‌లన్నీ జాతీయ ఛానళ్లవి, జట్ల సొంత టీవీ బృందాలకు పని ఉండదు. కానీ రేడియో బృందాలు చివరి మ్యాచ్ దాకా ఉంటాయి. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడి టెక్సస్ రేంజర్స్ 2023లో మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ జట్టు రేడియో గొంతు ఎరిక్ నాడెల్ 1979లో అందులో చేరారు. నాలుగు దశాబ్దాలు ఓడిపోవడం చూసిన మనిషి నోట ఆ గెలుపు వినాలనుకున్నవాళ్లకు టీవీ మ్యూట్ చేయక తప్పలేదు.

టీవీ బొమ్మకు రేడియో మాట జత చేయడం

అసలు చిక్కు ఆలస్యం. గాలిలో వచ్చే ఏఎం, ఎఫ్‌ఎం రేడియో అన్నిటికంటే ముందుంటుంది. యాంటెన్నా టీవీ, కేబుల్ కొన్ని సెకన్లు వెనక. ఇంటర్నెట్ స్ట్రీమింగ్ ఇంకా వెనక, అర నిమిషం ఆలస్యం మామూలే, ఒక్కోసారి నిమిషం దాకా పోతుంది. ఇంటర్నెట్‌లో వచ్చే రేడియో కూడా స్ట్రీమింగే, దాని ఆలస్యం దానికి వేరు. కాబట్టి ఏది ముందుందో ముందుగా తేల్చుకోవాలి.

1. మ్యాచ్‌కు పది పదిహేను నిమిషాల ముందే రెండూ పెట్టండి. మొదటి ఇన్నింగ్స్ మొదటి బంతి చూడండి. రేడియోలో ఫలితం వినిపించాక బంతి పడిందా, బంతి పడ్డాక ఫలితం వినిపించిందా?

2. టీవీ ముందుంటే పని తేలిక. పిచర్ చేయి వదలబోతుండగా టీవీని పాజ్ చేయండి. రేడియోలో బంతి వేశాడన్న మాట రాగానే ప్లే నొక్కండి. డీవీఆర్ గానీ, పాజ్ వీలున్న స్ట్రీమింగ్ గానీ ఉండాలి.

3. రేడియో ముందుంటే దాన్ని వెనక్కి జరపాలి. మామూలు ట్రాన్సిస్టర్ రేడియోను ఆపలేం. లైవ్ ఆడియోను కొన్ని సెకన్లు వెనక్కి జరపగల ఫోన్ యాప్‌గానీ, రివైండ్ ఉన్న ఆడియో ప్లేయర్‌గానీ వాడండి. కొన్ని ప్లేయర్లు పాజ్ తీయగానే మళ్లీ లైవ్‌కు దూకేస్తాయి. అలాంటిదైతే ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు, యాప్ మార్చండి.

4. సరిచూసుకోవడానికి స్ట్రైక్ పిలుపు పనికిరాదు, అంపైర్ పిలుపుకూ కామెంటేటర్ మాటకూ మధ్య తేడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. బ్యాట్‌కు బంతి తగిలిన టక్కుమనే చప్పుడును గుర్తుగా పెట్టుకోండి. రేడియో మైకుల్లో అది స్పష్టంగా వినిపిస్తుంది.

5. పూర్తిగా కలవకపోతే రేడియోను అర సెకను వెనక ఉంచండి, ముందు మాత్రం ఉంచకండి. దూరంగా కొట్టిన దెబ్బ చప్పుడు ఆలస్యంగా రావడం మన మెదడుకు అలవాటే. చప్పుడు ముందు, బొమ్మ తర్వాత వస్తే వెంటనే ఇబ్బంది పడుతుంది, పైగా ఫలితం ముందే తెలిసిపోతుంది.

కలిపాక కూడా జారిపోవడానికి కారణాలున్నాయి. నెట్ నెమ్మదించి స్ట్రీమ్ గిర్రున తిరిగితే ఆ తిరిగిన సెకన్లన్నీ తేడాగా మిగులుతాయి. బ్లూటూత్ స్పీకర్ సొంతంగా మరికొంత ఆలస్యం కలుపుతుంది, వైరు పెడితే ఆ బాధ ఉండదు. అందుకే ప్రతి ఇన్నింగ్స్ మొదటి బంతికి ఒకసారి సరిచూసుకోండి. ప్రకటనల విరామంలో మాత్రం సరిచేయాలని చూడకండి, టీవీ ప్రకటనలూ రేడియో ప్రకటనలూ వేరు కాబట్టి పట్టుకోవడానికి గుర్తేమీ దొరకదు. ఫోన్‌లో స్కోరు నోటిఫికేషన్లు కట్టేయండి. ఇంత కష్టపడి కలిపిన తర్వాత హోమ్ రన్ కబురు జేబులో మోగితే అంతా వృథా.

ఒక హెచ్చరిక. రేడియో కామెంటేటర్ బొమ్మ లేదనుకుని చెబుతాడు. తెర ముందు కదలకుండా కూర్చున్నప్పుడు కళ్లకు కనిపించేదే చెవిలో మళ్లీ పడుతూ కొందరికి అలసట తెస్తుంది. వంట చేస్తూనో, పిల్లల్ని చూసుకుంటూనో మధ్య మధ్యలో తలెత్తి చూసేవాళ్లకు మాత్రం దీనంత సుఖం లేదు.

గొంతు తగ్గించి జనం హోరు పెంచడం

ఇంట్లో ఐదు స్పీకర్ల వ్యవస్థ ఉంటే చాలామంది వాడని ఉపాయం ఒకటుంది. ఒక్కో స్పీకర్‌కు విడివిడిగా ధ్వని పంపే 5.1 ప్రసారంలో కామెంటేటర్ల గొంతు దాదాపు అంతా మధ్య స్పీకర్‌లోంచే వస్తుంది, జనం హోరు చుట్టూ ఉన్న వాటిలోంచి. రిసీవర్ మెనూలో స్పీకర్ లెవెల్స్‌కు వెళ్లి మధ్య స్పీకర్‌ను 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించండి, వెనక స్పీకర్లను 2 పెంచండి. మాటలు వినిపిస్తూనే వెనక్కి వెళ్తాయి, మీరు స్టాండ్స్‌లో కూర్చున్నట్టుంటుంది. మధ్య స్పీకర్‌ను పూర్తిగా కట్టేసి, మాటకు రేడియో జత చేస్తే టీవీ నుంచి హోరు, రేడియో నుంచి మాట వస్తాయి. అక్టోబర్ మ్యాచ్‌లకు మేం సిఫారసు చేసేది ఈ అమరికే.

ఇందులో తప్పేవి రెండు. రిసీవర్ తెర మీద 5.1 అని చూపించకుండా స్టీరియో అని చూపిస్తే, వస్తున్న ప్రసారంలో విడిగా మధ్య ఛానల్ లేదన్నమాట. చాలా స్ట్రీమ్‌లు ఇలాగే వస్తాయి. అప్పుడు మధ్య స్పీకర్ తగ్గిస్తే గొంతుతో పాటు బ్యాట్ చప్పుడు కూడా పోతుంది. రెండోది టీవీ, సౌండ్‌బార్‌లలో మాటను స్పష్టం చేసే మోడ్. వార్తలకు, సీరియళ్లకు అది మంచిదే, కానీ ఆటలో హోరును నొక్కేసి గొంతును ముందుకు తోస్తుంది. మ్యాచ్ పెట్టే ముందు దాన్ని ఆపండి. రాత్రి పూట పక్క గదిలో పడుకున్నవాళ్ల కోసం పెట్టే నైట్ మోడ్ కూడా చిన్న చప్పుడునూ పెద్ద చప్పుడునూ ఒకే ఎత్తుకు తెస్తుంది. హోమ్ రన్ కేక, మామూలు కబురు ఒకేలా వినిపించడానికి కారణం అదే.

కొత్తవాళ్లతో, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లతో చూసేటప్పుడు

అమ్మానాన్నలు ఆరు నెలలకని వచ్చి సోఫాలో పక్కన కూర్చున్నప్పుడు ఇంగ్లీషు కామెంటరీ వేగం వాళ్లకు అందదు. తెర కింద అక్షరాలు పెట్టినా లైవ్ మ్యాచ్‌లో అవి కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తాయి, బంతి ఒకటి, రాత ఒకటి అవుతుంది. టీవీ సౌండ్ సగానికి తగ్గించి మీరే చెప్పండి. ప్రతి బంతికీ మూడే సంగతులు: ఎన్ని ఔట్లు, ఏ బేస్‌లో ఎవరున్నారు, బాల్స్ ఎన్ని స్ట్రైకులు ఎన్ని. నియమాలన్నీ మొదటి రోజే చెప్పొద్దు. క్రికెట్ తెలిసినవాళ్లకు రెండు ఇన్నింగ్స్‌లు గడిచేసరికి మిగతావి వాళ్లే అడుగుతారు. ఫౌల్ బాల్ (గీతల బయటికి పోయిన దెబ్బ) ఎందుకు స్ట్రైక్ అయింది, మూడో స్ట్రైక్ ఎందుకు కాలేదు అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది, జవాబు సిద్ధంగా పెట్టుకోండి: ఫౌల్‌కు మొదటి రెండు స్ట్రైకుల దాకానే లెక్క, బంట్ (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తట్టడం) ప్రయత్నం ఫౌల్ అయితే మాత్రం మూడోది కూడా లెక్కే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి చూసేవాళ్లకు వేసవిలో అమెరికా తూర్పు తీరపు రాత్రి మ్యాచ్ మన తెల్లవారుజాము నాలుగున్నరకు మొదలవుతుంది, పడమటి తీరపుది ఉదయం ఏడున్నర దాటాక. తూర్పువి రికార్డింగ్ చూడక తప్పనివాళ్లు ఎంఎల్‌బీ యాప్ సెట్టింగుల్లో స్కోర్లు దాచే మీట నొక్కి, పూర్తి మ్యాచ్ తెరిచి, అక్కడే ప్రసారం ఎంచుకోండి. పది నిమిషాల కుదించిన వీడియోలో బంతుల మధ్య మాటలన్నీ కోసేస్తారు కాబట్టి కామెంటరీ పరీక్షకు అది పనికిరాదు. అదే పూర్తి రికార్డింగ్‌లో ఆధిక్యం చేతులు మారిన ఒక అర ఇన్నింగ్స్ (ఒక జట్టు బ్యాటింగ్ వంతు) ఎంచుకుని, ఒకసారి ఒక జట్టు టీవీ బృందంతో, ఒకసారి రెండో జట్టు బృందంతో, ఒకసారి రేడియోతో, ఒకసారి మైదానం చప్పుడుతో చూడండి. ఒక్కో విడత పావుగంట కూడా పట్టదు. వరసగా ఒకే రోజు చూడకుండా రెండు రోజులు తీసుకుంటే మంచిది, మూడోసారికి ఫలితం బాగా తెలిసిపోయి చెవి మొద్దుబారుతుంది.